నోటి ఉప్పు

చాలా ఏళ్లుగా నా లోపల ఒక సందేహం ఉంది. ఎవరినీ అడగలేదు. అడిగితే పాపమేమోనన్న భయం కొంత, జవాబు చెప్పగలిగిన మనిషి ఎవరున్నారన్న నిరాశ కొంత.

మా అయ్య అనంతగిరి ఘాటీ ఎక్కుతూ పడిపోయాడు. నోరు ఒక పక్కకి లాగేసింది. కుడి చెయ్యీ కుడి కాలూ ఆయనవి కాకుండా పోయాయి. తెల్లవారకుండానే ప్రాణం పోయింది. కొండ అమ్మవారు చెంప మీద కొట్టిందని అందరూ అన్నారు. ఆ ఏడు కోడిని ఇవ్వలేదు కదా అని కారణం కూడా చెప్పారు.

నేను దేవుణ్ణి నమ్మే మనిషిని. సింహాద్రి అప్పన్నకి దణ్ణం పెట్టందే పొద్దున్న మంచినీళ్లు ముట్టను. అయినా నాకు అంతుపట్టలేదు. ఆమె రాతి ముందు దీపం వెలిగించి గాని ఏనాడూ కొండెక్కని మనిషిని ఆ తల్లి ఎందుకు కొడుతుంది?

ఆ శుక్రవారం ఉదయం అన్నయ్య చేతిలోంచి ఉప్పు కొలిచే కుంచం జారి పడినప్పుడు ముందుగా నాకు గుర్తొచ్చింది ఈ సందేహమే.

సంతకి ఉప్పు బస్తాలు సర్దుతున్నాం. కుంచం అరుగు మీద దొర్లుకుంటూ వెళ్లి మట్టిలో పడింది. అన్నయ్య దాన్ని చూస్తున్నాడు. తీయడానికి వంగడం లేదు. కుడి చెయ్యి పక్కన వేలాడుతోంది.

"ఏటి మావా, ఏటైనాది?" అంటూ లోపల్నుంచి వదిన వచ్చింది.

అన్నయ్య జవాబు చెప్పబోయాడు. వేడి అన్నం ముద్ద నోట్లో ఉన్నట్టు ఏవో శబ్దాలు వచ్చాయి గాని మాట రాలేదు. వదిన ఆయన చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని రుద్దడం మొదలుపెట్టింది. నేను నిలబడి చూస్తున్నాను. ఏం చెయ్యాలో తెలిసిన మనిషి ఎలా నిలబడతాడో నాకు తెలియదు. నేను మాత్రం ఊరికే నిలబడ్డాను.

కాసేపటికి వేళ్లు కదిలాయి. అన్నయ్య వాటిని ముడిచి, విప్పి చూసుకున్నాడు.

"ఏటీ నేదు. తిమ్మిరెక్కినాది. రేతిరి దాని మీద తొంగున్నాను."

"మరి మాటెందుకు రాలేదు?"

"నీకు నాను మాటాడితే ఒక గోల, మాటాడకపోతే ఒక గోల" అని నవ్వాడు. నవ్వు సరిగ్గానే ఉంది, రెండు పక్కలా సమానంగా. దానికే నేను అప్పన్నకి మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

వదిన మాత్రం నవ్వలేదు.

"ఆ డాకటేరు ఏటి సెప్పినాడు?"

"ఆడు సెప్పినాడు. నాను యిన్నాను. అయిపోనాది."

ఆ మధ్య విజయనగరంలో ఆ డాక్టరు అన్నయ్య జబ్బకి గుడ్డపట్టీ చుట్టి, రబ్బరు బుడ్డితో గాలి కొట్టి, గాజు గొట్టంలో పాదరసం పైకెక్కించినప్పుడు నేను పక్కనే ఉన్నాను. అది ఎక్కడ ఆగిందో చూసి, నమ్మకం లేనట్టు మళ్లీ మొదటినుంచి కొట్టి చూశాడు. తర్వాత అన్నయ్యతో కాక నాతో మాట్లాడాడు.

"ఇది రక్తపు పోటు. నరాల్లో రక్తం వరదలో గట్టుని కొట్టినట్టు కొడుతోంది. గట్టు ఎక్కడ తెగుతుందో నేను చెప్పలేను. గుండెలో తెగొచ్చు, మూత్రపిండాల్లో తెగొచ్చు, బుర్రలో తెగొచ్చు. దీన్ని దించే మందు నా దగ్గర లేదు. ఉప్పు మానాలి. కొండ ఎక్కి దిగడం మానాలి. కోపం మానాలి."

"నాకు నొప్పేటీ నేదండి" అన్నాడు అన్నయ్య.

"ఉండదు. అదే దీని దొంగబుద్ధి" అన్నాడు డాక్టరు.

తిరుగుదారిలో బండి మీద నేను దాని గురించే ఆలోచించాను. పాదంలో ముల్లు దిగితే ఒళ్లంతా అరిచేట్టు చేశాడు దేవుడు. ప్రాణం తీసే జబ్బుకి మాత్రం నోరు ఇవ్వలేదు. తర్వాత లెక్కేసుకుంటే అది నోరు విప్పకపోలేదు కూడా. తెల్లవారుజామున అన్నయ్యకి మెడ వెనక నొప్పి వచ్చేది, తలకి తువ్వాలు బిగించి కట్టుకునేవాడు. ఎండాకాలంలో ముక్కులోంచి రక్తం కారేది, వేడి చేసిందని వదిన మజ్జిగ ఇచ్చేది. ముఖం ఎర్రగా ఉండేది, చుట్టాలు చూసి కొండగాలి పడిందిరా నీకు అని మెచ్చుకునేవారు. మేమూ మురిసిపోయాం.

"ఈ సంతకి ఎల్లొద్దు మావా" అంది వదిన.

"ఎల్లకపోతే?"

"మరిది ఎల్తాడు."

అన్నయ్య నా వైపు చూశాడు. "సెప్పరా, కిందటి సంతలో ఏటన్నారో సెప్పు మీ వదినకి."

అది వదినకి తెలుసు.

మా కొండ సంతల్లో ఉప్పుకి ఒక కట్టుబాటు ఉంది. మా తాత కాలంలో ఎవడో పల్లం నుంచి వచ్చిన వర్తకుడు ఉప్పులో కొండవాగు గెడ్డలోని తెల్లటి ఇసక కలిపి అమ్మాడట. పసిపిల్లలు కూడా ఆ ఇసక తిన్నారట. అప్పటినుంచి బస్తా మూతి విప్పగానే వర్తకుడు పిడికెడు ఉప్పు తీసి అందులో సగం తన నోట్లో వేసుకుని మింగాలి. అదే పిడికిట్లో మిగిలిన సగం కొనేవాళ్ల అరచేతిలో పెట్టాలి. వాళ్లూ నోట్లో వేసుకున్నాకే పసుపు బుట్టలూ చింతపండు బుట్టలూ దించుతారు. దాన్నే నోటి ఉప్పు అంటారు. ఒక్కో ఊరి వాళ్లకి ఒక్కో పిడికిలి. గూడెం వైపు దొరల మీద లేచిన పితూరీ అణిగాక సంతలు మళ్లీ నిండుతున్నాయి కాబట్టి పొద్దుగుంకేలోగా చాలా ఊళ్లే వస్తాయి.

కిందటి సంతలో అన్నయ్య బదులు నేను తింటానన్నాను. వాళ్లు నవ్వారు. "కుంచం పట్టీ సెయ్యీ, ఉప్పు తినీ నోరూ ఒక మనిసివే ఉండాలి సిన్న సావుకారూ" అన్నారు. అన్నయ్య నన్ను పక్కకి నెట్టి తినేశాడు.

"పోనీ కుంచం కూడా మరిదికే ఇచ్చీ" అంది వదిన.

"ఇచ్చి? నానేటి సెయ్యాలి? పొయ్యి కాడ కూకుని నీ సప్పిడి పప్పు తినాలా? ఆ పప్పు తింటంటే ఇంట్లో ఎవలో సచ్చిపోయినట్టున్నాది."

"ఎవలూ సావకూడదనే అలగ వండుతన్నాను."

అన్నయ్య మట్టిలోంచి కుంచం తీసి ఉత్తరీయంతో తుడిచాడు. కుడి చేత్తోనే తీశాడు, మాకు చూపించడానికి.

"మా అయ్య ఈ కుంచం పట్టుకున్నాడు. ఆయన ముందు మా తాత పట్టుకున్నాడు. ఉప్పు సావుకారికి ఉప్పు పడదని కొండంతా తెలిస్తే నా బస్తా ముందు ఎవలు నిలబడతారే? నాను మంచం మీద బతికున్నానని ఈ ఇంట్లో కుండ ఉడుకుతాదా?"

వదిన నేలకేసి చూస్తూ నిలుచుంది. ఆ తర్వాత ఆమె గొంతు నాకు కొత్తగా వినిపించింది. కోపం లేదు, ఏడుపూ లేదు.

"సరే. నానూ వత్తాను సంతకి. బస్తా మూతులు నాను విప్పుతాను."

"రా. ఎవలొద్దన్నారు?" అన్నాడు అన్నయ్య. ఆమె ఒప్పుకున్నందుకు ఆయన ముఖం విచ్చుకుంది. ఆమె లోపలికి వెళ్లింది. దేవుడి గూటి దగ్గర ఏదో దంచుతున్న చప్పుడు వినిపించింది. పసుపు కొమ్ములు దంచుతోంది, దీపం పెడుతుంది కాబోలు అనుకున్నాను.

సంత బయలుకి మేం చేరేసరికి బాగా పొద్దెక్కింది. అన్నయ్య బండి ఎక్కకుండా నడిచే వచ్చాడు. మధ్యలో ఒకసారి ఆగి మెడ వెనక నొక్కుకున్నాడు. వదినా నేనూ ఒకరినొకరం చూసుకుని, చూసుకోనట్టు ముందుకి నడిచాం.

మొదటి బేరం ఎప్పుడూ సోంబరుదే. పై కొండ మీద వాళ్ల ఊరు. ఆ ఊరివాళ్లంతా అతని వెనకే దిగుతారు. అతను బస్తా ఎదుట గొంతుక్కూర్చుని అన్నయ్య ముఖాన్ని పరీక్షగా చూశాడు.

"మొకం ఎర్రగున్నాదేటి సావుకారూ? పొద్దున్నే జీలుగు కల్లు పడ్డాదేటి?"

"మీ ఊరి కల్లు నాకెవలు పోసినారురా? అంతా నువ్వే తాగేస్తే?"

వెనక ఆడవాళ్లు నవ్వారు. వదిన బస్తా మూతి విప్పింది. రెండు చేతులూ లోపలికి పెట్టి ఉప్పుని సవరించింది. అన్నయ్య పిడికెడు తీసి, సగం నోట్లో వేసుకున్నాడు.

ఆయన దవడ ఆగిపోయింది.

మిగిలిన సగం పిడికిట్లోనే ఉంది. సోంబరు అరచెయ్యి చాపాడు. అన్నయ్య ఆ చేతికేసి చూశాడు. తర్వాత వదిన కేసి చూశాడు. ఆమె తల ఎత్తలేదు. ఆయన నెమ్మదిగా ఆ మిగిలిన సగాన్నీ తన నోట్లోనే వేసుకుని మింగేశాడు.

అలా ఎన్నడూ జరగలేదు. సోంబరు చెయ్యి చాచే ఉంది. అన్నయ్య బస్తాలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగునుంచి ఇంకో పిడికిలి తీశాడు. సగం తిని, మిగతాది ఆ అరచేతి మీదకి తెచ్చాడు. సోంబరు చెయ్యి ముడుచుకున్నాడు.

"ముందరి పిడికిలి మాది" అన్నాడు.

"ఇదీ అదే బస్తాలోది."

"అది మాకెందుకియ్యలేదు?"

అన్నయ్య చేతిలోని ఉప్పుని మళ్లీ బస్తాలో వేసేశాడు.

"ఇసకున్నాదేటి?" అని వెనకనుంచి ఎవరో అన్నారు. గట్టిగా అనలేదు. ఒక ముసలామె దించిన పసుపు బుట్టని మళ్లీ నెత్తికి ఎత్తుకుంది. దాంతో పక్కామె కూడా ఎత్తుకుంది.

"ఇసక కాదు" అన్నాడు అన్నయ్య.

"మరేటి?"

చెప్పడానికి ఆయనకి దారి లేదని నాకు తర్వాత అర్థమైంది. నిజం చెబితే తన భార్య బస్తాలో ఏదో కలిపిందని ఒప్పుకోవాలి. ఎందుకు కలిపిందంటే, ఈ సావుకారికి ఉప్పు విషమని చెప్పాలి. ఆయన ముఖం రాగి చెంబులా అయింది. కణత మీద నరం ఉబ్బి కదలడం నాకు కనిపించింది.

"నాను... మా అయ్యా... ఈ కుంచం..." అన్నాడు. ఆ తర్వాత వచ్చినవి మాటలు కావు. నోరు ఎడమ పక్కకి లాగింది. ఆయన పడిపోయాడనడం కూడా సరికాదు, నిలబెట్టిన బస్తా జారినట్టు నెమ్మదిగా కుడి పక్కకి ఒరిగిపోయాడు.

నేను పట్టుకునేలోగా తల నేల మీద ఉంది. సంత జనమంతా వెనక్కి జరిగారు.

"ఉప్పు కొట్టినాది" అన్నారెవరో. "ఉప్పు ముందర అబద్ధమాడినాడు. ఉప్పు కొట్టినాది."

మా అయ్యని అమ్మవారు కొట్టింది. మా అన్నయ్యని ఉప్పు కొట్టింది. మనుషులు పడిపోయిన చోటల్లా కొట్టినవాళ్లెవరో అందరికీ తెలుస్తుంది. ముందే చెప్పిన డాక్టరు మాట మాత్రం ఎవరికీ అక్కర్లేదు. మాకు మాత్రం ఏం అక్కరకొచ్చింది?

వదిన లేచి సోంబరు ఎదటికి వెళ్లింది. కొంగు ముడి విప్పి, అందులో మిగిలిన తెల్లటి పలుకుల్ని అతని అరచేతిలో పోసింది.

"తిను. ఇసకో కాదో నువ్వే సూడు."

అతను ఒక పలుకు నాలుక మీద పెట్టుకున్నాడు.

"పటికిబెల్లం" అంది వదిన. "అప్పన్న ముందర పెట్టిన పెసాదం. దంచి బస్తా పైన సల్లినాను. ఆ మనిసికి ఉప్పు తింటే పేణం పోతాదని డాకటేరు సెప్పినాడు. నా మాట యినడు. మీరు ఇంకో నోరు ఒప్పుకోరు. మరి నానేటి సెయ్యాల? దేముడి తీపి ఆయన నోట్లో పడితే, మీ సేతిలో కూడా అదే పడితే, పెసాదమని నవ్వుకుని ఊరుకుంటారనుకున్నాను. ఆయనకి తెలీదు. మోసం సేసింది నాను. ఆయన కాదు."

సోంబరు అరచేతిలోకి చూసుకున్నాడు. తర్వాత లేచి, తన వాళ్లతో ఏదో అని, అడవి వైపు వెళ్లిపోయాడు. అతని ఊరివాళ్లు కూడా వెళ్లిపోయారు. వాళ్ల వెంట మిగిలిన ఊళ్లవాళ్లూ పలచబడ్డారు. సంత నడిమధ్యలో తెరిచిన బస్తా పక్కన మేం ముగ్గురం మిగిలాం.

అన్నయ్య ఊపిరి గురకలా వస్తోంది. ఎడమ కన్ను తెరిచే ఉంది. అది నన్ను చూస్తోందో, నా వెనక ఆకాశాన్ని చూస్తోందో తెలియలేదు. వదిన ఆయన తల ఒళ్లో పెట్టుకుని పెదవుల చివర కారుతున్న చొంగ తుడుస్తోంది.

"మరిదీ."

"ఏటి వదినా?"

"నా బెల్లం వల్లేనా?"

"కాదు. పొద్దున్నే కుంచం జారినాది కదా. అప్పుడే మొదలైపోనాది."

"మరి ఆ డాకటేరు, కోపం మానమన్నాడు కదా."

కాదు అని మళ్లీ అన్నాను. రెండోసారి నా గొంతు నాకే నమ్మకంగా వినిపించలేదు. ఆమె మళ్లీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

"ఆ డాకటేరు కాడికి తీసుకెల్తే బాగు సేత్తాడా?"

"మందు నేదన్నాడు వదినా."

"తెల్సు. అయినా అడుగుతన్నాను."

"నాకు తెల్దు."

"తీసుకెల్దాం" అంది. "ఇక్కడుంచితే ఈయన్ని ఉప్పు కొట్టిందనీసే సంపేత్తారు."

ఎలా తీసుకెళ్లడం? బండి ఎక్కిస్తే ఘాటీ రాళ్ల మీద ఆ కుదుపులకి బుర్రలో మిగిలిన గట్టు కూడా తెగుతుంది. మనుషులు మొయ్యాలి. ఘాటీ దిగువన శృంగవరపుకోట దాకా మోసే మనుషులు ఈ పూట నా పిలుపుకి ఎవరు వస్తారు? అయినా లేచి, చింత చెట్ల కింద కూర్చున్న ఒక గుంపు దగ్గరికి వెళ్లి అడిగాను. వాళ్లు తల తిప్పుకున్నారు. ఇంకో గుంపుని అడిగాను. వాళ్లు నా ముఖంలోకి జాలిగానే చూశారు. కాని ఉప్పు కొట్టిన మనిషిని తాకం అన్నారు.

తిరిగి వచ్చేసరికి సోంబరు బస్తా దగ్గర నిలబడి ఉన్నాడు. పక్కన అతని మేనల్లుడు మంగ్లు ఉన్నాడు. ఇద్దరి మధ్యా నేల మీద ఒక పచ్చి వెదురు బొంగు, అప్పుడే కొట్టినట్టు నీళ్లూరుతోంది. బొంగుకి గొంగడి కట్టి డోలీ చేశారు.

"బేగి ఎత్తండి" అన్నాడు సోంబరు. "పొద్దు ఒరిగితే ఘాటీలో సీకటైపోతాది."

కూలి సంగతి ఎత్తబోయాను. అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"నాను కూలడిగినానేటి? గెడ్డ పొంగిన ఏడు మా అయ్యకి సలిజొరం. సంతలో పడిపోతే మావోలే దగ్గిరికి రాలేదు. ఈ సావుకారు అప్పుడు కుర్రోడు. వీపు మీదెత్తుకుని గెడ్డ దాటించినాడు. ఆయన భుజం బాకీ ఒకటి మన మీదున్నాదిరా అని మా అయ్య పోతా పోతా సెప్పినాడు. నాను ఎన్ని సంతల్లో అడిగినానో, మోయడానికేటైనా ఉన్నాదా సావుకారూ అని. నవ్వీవోడు. నా బరువు నానే మోసుకుంటాన్లేరా అనీవోడు."

వదిన అన్నయ్య ముఖం మీంచి చూపు ఎత్తి అతన్ని చూసింది.

అన్నయ్యని గొంగట్లో పడుకోబెట్టాం. ముందు సోంబరు, వెనక మంగ్లు, బొంగు భుజాలకెత్తారు. మొయ్యడానికి నేనూ వస్తానన్నాను. గెడ్డ దాటేదాకా వద్దన్నాడు సోంబరు.

గెడ్డలో నీళ్లు మోకాలి దాకా ఉన్నాయి. రాళ్లు పాచి పట్టి ఉన్నాయి. నడిమికి వచ్చేసరికి మంగ్లు కాలు జారింది. బొంగు ఊగింది. వదిన గొంగడి అంచు గట్టిగా పట్టుకుంది.

"మావా, బుజం మార్సుకుందాం ఆగు" అన్నాడు మంగ్లు.

"అవతలి ఒడ్డు దాకా మార్సను" అన్నాడు సోంబరు. అతని మెడ మీద వెదురు ఒరుసుకుని చర్మం లేచిపోయింది.

అవతలి గట్టు మీద డోలీ దించారు. సోంబరు గెడ్డ వైపు తిరిగి, నీళ్లతో చెబుతున్నట్టు, "తీరిపోనాది అయ్యా" అన్నాడు.

వదిన వంగి అన్నయ్య ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. చాలాసేపు అలాగే ఉంచింది. ఏమైంది అని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

సోంబరు రెండో భుజం మీదకి బొంగు ఎత్తుకున్నాడు.

"ఇక్కణ్ణించి మోసీది నా సొంతం" అన్నాడు. "పదండి."